మా క్లబ్బు వెబ్‌సైటు: మే నుండి అక్టోబరు వరకు పని డైరీ

మే 11, 2025

ఈ రోజు ద్వారకానగర్‌లో జరిగిన పాలకవర్గ సమావేశంలో మా సేవా క్లబ్బుకు కొత్త వెబ్‌సైటు తయారుచేసి నడిపించే బాధ్యతను నాకు అప్పగించారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన నాకు కంప్యూటరులో ఉత్తరాలు, ప్రశ్నపత్రాలు టైపు చేయడం తప్ప మరొక పని రాదు. అయినా ఒప్పుకోవడానికి బలమైన కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు మా క్లబ్బు గది కిటికీలు ఊడిపోయి, ఏళ్ల తరబడి రాసుకున్న రిజిస్టర్లు, ఫొటో ఆల్బములు తడిసి ముద్దయ్యాయి. ఎండబెట్టగా మిగిలిన కాగితాలలో సిరా కారిపోయి, ఏ సంవత్సరం ఏ ఊరిలో కంటి శిబిరం పెట్టామో కూడా చదవలేకపోయాము. ఆ తరువాత కొన్నాళ్లకు ఒక వెబ్‌సైటు పెట్టించుకున్నాము. కాగితం తడిసినా ఇది నిలుస్తుందని ధైర్యపడ్డాము. చివరికి అదీ పోయింది.

పోయిన తీరును ఇక్కడ నమోదు చేయడం అవసరం. దానిని తయారుచేసి ఇచ్చిన వ్యక్తి సైటు చిరునామాను, అంటే డొమైను పేరును, తన పేరిట, తన ఈమెయిలు మీద తీసుకున్నారు. కొన్నాళ్లకు ఆయన ఆ వ్యాపారం మానుకున్నారు, గడువు ముగుస్తోందని వచ్చిన హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ ఈమెయిలుకే చేరాయి. 'డాట్ ఆర్గ్' పేరు గడువు దాటిన మరునాడే చేజారదు. ముందుగా పేర్లు నమోదు చేసే రిజిస్ట్రారు ఇచ్చే కొన్ని వారాల వెసులుబాటు, ఆపైన అదనపు రుసుము కట్టి విడిపించుకోవడానికి 30 రోజులు, ఆ తరువాత తొలగింపు కోసం 5 రోజులు ఉంటాయి. ఇన్ని మెట్లలో ఏ ఒక్క మెట్టు దగ్గర మేము చూసుకున్నా పేరు దక్కేది. ఇప్పుడు ఆ చిరునామా తెరిస్తే మరెవరివో సరుకుల ప్రకటనలు వస్తున్నాయి, మా పాత కరపత్రాల మీద మాత్రం ఇంకా అదే చిరునామా అచ్చయి ఉంది.

మే 18

కొత్త పేరు తీసుకున్నాము. ఈసారి దానిని క్లబ్బు పేరిట, క్లబ్బు ఈమెయిలు మీద, క్లబ్బు బ్యాంకు ఖాతా నుండి సొమ్ము చెల్లించి, ఒకేసారి 5 సంవత్సరాలకు నమోదు చేయించాను. గడువు తేదీని కోశాధికారి గారి లెక్కల పుస్తకంలో గది అద్దె, కరెంటు బిల్లు పక్కనే రాయించాను. అద్దె కట్టడం మరిచిపోని మనుషులు దానినీ మరిచిపోరు. చిరునామా మొత్తం తెలుగు లిపిలోనే ఉండేలా 'డాట్ భారత్' తీసుకోవాలని నాకు చాలా ఆశగా ఉండినది గాని, మా సభ్యులలో సగం మందికి ఫోనులో తెలుగు కీబోర్డు వాడే అలవాటు లేకపోవడంతో ఆ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

పాత సైటులోని సమాచారం పూర్తిగా పోలేదని ఈ రోజే తెలిసింది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ ప్రపంచంలోని వెబ్ పేజీలను ఎప్పటికప్పుడు నకలు తీసి దాచిపెడుతుంది, ఆ నకళ్లను 'వేబ్యాక్ మెషీన్'లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మా పాత చిరునామాను అందులో వెతికితే పదకొండు పేజీలు దొరికాయి. ఫొటోలు చాలావరకు రాలేదు గాని కార్యక్రమాల వివరాలు వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా చదువుతూ నోటుపుస్తకంలోకి ఎక్కిస్తుంటే, ఆ రోజు తడిసిన రిజిస్టరులో చదవలేకపోయిన పేర్లు కొన్ని మళ్లీ కంటపడ్డాయి.

మే 31

నా తమ్ముడి కూతురు ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతోంది. మద్దిలపాలెంలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది కనుక శనివారం సాయంత్రాలు నాకు పాఠం చెప్పడానికి ఒప్పుకుంది. తయారుగా దొరికే సాధనాల జోలికి పోకుండా ముందు చేత్తో ఒక పేజీ రాయాలని తను పట్టుబట్టింది. ఆ పట్టుదల సరైనదని రెండు వారాలకే నాకు అర్థమయింది.

వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ చూడగానే నాకు వ్యాకరణం గుర్తుకు వచ్చింది. వాక్యంలో పదం పక్కన చేరిన విభక్తి ఆ పదం కర్తో, కర్మో, కరణమో చెబుతుంది కదా, ఇందులో మాటకు ముందూ వెనుకా పెట్టే ట్యాగు అనే గుర్తు కూడా అలాగే తాను చుట్టుకున్న మాట శీర్షికో, పేరానో, జాబితాలో ఒక అంశమో చెబుతుంది. ఆ మాట ఎంత పెద్దగా, ఏ రంగులో కనిపించాలన్నది వేరే సంగతి, దానిని సీఎస్ఎస్ చూసుకుంటుంది. నేను అక్షరాలు పెద్దవిగా కనబడతాయని పేజీ నిండా హెచ్1 ట్యాగులు పెడితే, మా అమ్మాయి సున్నితంగా దిద్దింది: "పెద్దగా కనబడుతుందని వాడొద్దత్తా. ఈ పేజీకి ఇదే పేరు అని చెప్పాల్సిన చోట ఒక్కసారే వాడు."

పేజీ తలభాగంలో మూడు వరుసలు తప్పనిసరి అని అనుభవం మీద నేర్చుకున్నాను. అక్షరాలను సంఖ్యలుగా దాచే పద్ధతి, అంటే అక్షర సంకేతం, యూటీఎఫ్-8 అని చెప్పే వరుసను మరిచిపోయినప్పుడు, నేను శ్రద్ధగా రాసిన స్వాగత వచనమంతా ఎక్కడివో గుర్తులు, యూరపు అక్షరాలు కలిసిన గజిబిజిగా తెర మీదకు వచ్చింది. ఆ వరుస చేర్చగానే తెలుగు యథాతథంగా ప్రత్యక్షమైంది. పేజీని తెర వెడల్పుకు సరిపరిచే వ్యూపోర్ట్ వరుస లేనప్పుడు ఫోనులో పేజీ మొత్తం కుంచించుకుపోయి చీమల బారులా కనిపించింది. పేజీ భాష తెలుగు అని చెప్పే మూడో వరుస వల్ల ఉపయోగమేమిటో ఇంకా బోధపడలేదు.

జూన్ 8

ఈ వారమంతా అక్షరాలతోనే గడిచింది. క్లబ్బు ఆహ్వాన పత్రికలు, నివేదికలు ఇన్నాళ్లూ డీటీపీ సెంటరులో 'అను' అనే పేరున్న ఫాంట్లతో తయారయ్యేవి. ఆ ఫైళ్ల నుండి వచనాన్ని కాపీ చేసి పేజీలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, చిహ్నాలు కలగలిసిన అర్థం లేని వరుసలు వచ్చాయి. దీనికి కారణం తేలికగానే గ్రహించవచ్చు. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరం కేవలం బొమ్మ మాత్రమే, కంప్యూటరు లోపల అది ఇంగ్లీషు అక్షరపు సంఖ్యగానే నిలువ ఉంటుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాల గడి ఉంది, 'క' ఎక్కడికి వెళ్లినా 'క'యే. మార్పిడి సాధనంతో పాత నివేదికలను యూనికోడ్‌లోకి మార్చాను గాని, కొన్ని సంయుక్తాక్షరాలు చెదిరిపోవడంతో ప్రతి పేజీనీ అసలుతో పోల్చి దిద్దవలసి వచ్చింది. ఇది పరీక్ష పేపర్లు దిద్దినంత ఓపిక కోరే పని, నాకు ఇష్టమైన పని కూడా.

ఇక లోపలి లెక్క మరింత ఆసక్తికరంగా ఉంది. మనం 'స్త్రీ' అని ఒకే అక్షరంగా పలికేది కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 18 బైట్లు. 'వెబ్‌సైటు' వంటి మాట టైపు చేసినప్పుడు బ కింద స ఒత్తు వచ్చి చేరకుండా ఆపడానికి, కంటికి కనబడని ఒక సంకేతాన్ని మధ్యలో ఉంచాలి. ఆ సంకేతం ఉన్న మాట, లేని మాట వెతుకులాటలో వేర్వేరుగా లెక్కకు రావచ్చు కనుక, తరచుగా వాడే ఇలాంటి మాటలకు ఒకే రాత పద్ధతి పాటించాలని ఒక పట్టిక రాసిపెట్టాను.

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటే కింద ఒత్తు ఉంటుంది, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు ఉంటుంది. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన వరుసల ఎడం మనకు చాలదు. మొదటి పేజీలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులను ఒరుసుకున్నాయి, మెనూ బటన్లలో 'కార్యక్రమాలు' అనే మాటలోని య ఒత్తు, క్రావడి సగానికి తెగిపోయాయి. వరుస ఎత్తును అక్షర పరిమాణానికి 1.8 రెట్లు చేసి, బటనుకు నిర్ణీత ఎత్తు ఇవ్వడం మానేశాక అన్నీ కుదురుకున్నాయి. వచనానికి మండలి, పెద్ద శీర్షికలకు రామభద్ర ఫాంట్లు ఎంచుకున్నాను. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఉల్లేఖనాలను వాలు అక్షరాలలో చూపే అలవాటు మన అచ్చులో లేదు కనుక దానిని తీసివేశాను. నిలువుగా, గుండ్రంగా కూర్చోవలసిన అక్షరాన్ని బలవంతంగా వంచితే చదివే కంటికి బాధగా ఉంటుంది.

జూన్ 22

మా సభ్యులలో ఒకరు బ్యాంకులో పనిచేసి విరమించారు, వారికి చూపు లేదు. తెర మీది మాటలను చదివి వినిపించే ఫోనులోని టాక్‌బ్యాక్ సాయంతో అన్ని పనులూ చేసుకుంటారు. ఈ రోజు వారి ఇంటికి వెళ్లి, మా సైటును వారి ఫోనులో తెరిచి, పక్కన కూర్చొని విన్నాను. పేజీ భాష తెలుగు అని రాసిన ఆ మూడో వరుస విలువ అప్పుడు తెలిసింది. దాని ఆధారంగా ఫోను తెలుగు గొంతును ఎంచుకొని చదివింది.

తరువాత వినిపించినది మాత్రం నన్ను కుదిపివేసింది. రాబోయే శిబిరం గురించిన పేజీలో నేను పెట్టినది డీటీపీ కరపత్రపు బొమ్మ. అందులో తేదీ, సమయం, స్థలం, ఫోను నంబరు, దాతల పేర్లు అన్నీ అందంగా ఉన్నాయి. ఫోను మాత్రం "చిత్రం" అని ఒక్క మాట పలికి ఊరుకుంది. ఆ తరువాత లింకులు మొదలయ్యాయి: "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి." ఆయన నవ్వి, "ఎక్కడ నొక్కితే ఏం వస్తుందో చెప్పండి టీచరుగారూ, నొక్కుతాను" అన్నారు. ఇన్నేళ్లుగా మేము వాట్సాప్ గ్రూపులో పంపుతున్న ప్రతి కరపత్రమూ ఆయనకు ఆ ఒక్క మాటగానే అందిందని నాకు అప్పటివరకు తోచలేదు.

ఇంటికి వచ్చి నియమం మార్చాను. ఏ కార్యక్రమానికైనా ముందు వచనం ఉండాలి, బొమ్మ ఉంటే దానికి తోడుగా ఉండాలి. ప్రతి బొమ్మకూ అందులో ఏముందో చెప్పే ప్రత్యామ్నాయ వచనం రాయాలి. లింకు మీద "జూలై నెల కంటి శిబిరం వివరాలు" అని గమ్యం పేరే ఉండాలి. ఫోను నంబరును నొక్కితే కాల్ వెళ్లేలా అక్షరాలలో రాయాలి. ఈ మార్పులు చూపు ఉన్నవారికీ ఉపకరిస్తాయి, ఎందుకంటే గూగుల్ వంటి వెతుకులాట సాధనాలు కూడా ప్రధానంగా వచనం ఆధారంగానే పేజీని గుర్తిస్తాయి. ఈ మొత్తం పనిలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం నాకు మరొకటి దొరుకుతుందని అనుకోను.

జూలై 2

చేత్తో రాసిన సైటును వర్డ్‌ప్రెస్‌లోకి మార్చాము. 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేసిన, సైటు పేజీలను రాసి నిర్వహించడానికి పనికొచ్చే ఈ సాఫ్ట్‌వేరు ఉచితం, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగు భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు ఉన్న మామూలు హోస్టింగులో, అంటే సైటును ఉంచే అద్దె సర్వరులో, నడుస్తుంది. చేత్తో రాసిన పేజీలు దీనికంటే తేలికైనవి, త్వరగా తెరుచుకునేవి, వాటి మీద నాకు మమకారం కూడా ఏర్పడింది. అయితే ఒక తేదీ మార్చడానికి కార్యదర్శి గారు నాకు ఫోను చేయవలసిన పరిస్థితి ఉంటే, నేను మంచాన పడిన వారం సైటు కూడా మంచాన పడినట్లే. నాకు ఎంత తేలిక అన్నది కాక, నా తరువాత వచ్చేవారికి ఎంత తేలిక అన్నదే ఇక్కడ కొలత కావాలి.

సైటుకు అదనపు సౌకర్యాలు చేర్చే ప్లగిన్ల విషయంలో గట్టిగా ఉన్నాను. మావాళ్లు వాన చినుకులు పడే తెర, సందర్శకుల లెక్క, కదిలే అక్షరాలు కావాలని అడిగారు. ప్రతి ప్లగినూ మనం తాళం చెవి ఇచ్చి ఇంట్లో ఉంచుకునే మనిషి లాంటిది, దానిని తయారుచేసినవారు నవీకరించడం మానేస్తే ఆ తలుపు తెరిచే ఉంటుంది. నాలుగింటికి మించి పెట్టలేదు.

పేజీ చిరునామాలలో ఒక తెలుగు చిక్కు ఎదురైంది. శీర్షిక తెలుగులో ఉంటే వర్డ్‌ప్రెస్ చిరునామాను కూడా తెలుగులోనే తయారుచేస్తుంది, కానీ లోపల ప్రతి సంకేతాన్నీ శాతం గుర్తులతో కూడిన 9 గుర్తులుగా మారుస్తుంది. దాని పరిమితి 200 గుర్తులు కనుక, ఇరవై రెండు సంకేతాలు దాటిన శీర్షిక సగంలో తెగిపోతుంది, వాట్సాప్‌లో అతికిస్తే మూరెడు పొడవున శాతం గుర్తులు కనబడతాయి. అందువల్ల శీర్షిక తెలుగులో ఉంచి, చిరునామాను మాత్రం ప్రతిసారీ రెండు మూడు చిన్న ఇంగ్లీషు మాటలతో స్వయంగా రాయాలని నిర్ణయించాము.

జూలై 10

నిన్న సింహాచలం గిరి ప్రదక్షిణ. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన భక్తులు కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. మా క్లబ్బు ఏటా ఇసుకతోట దగ్గర మజ్జిగ, మంచినీళ్ల పందిరి వేస్తుంది. ఈసారి పందిరి ఎక్కడ ఉందో, ప్రథమ చికిత్స ఎక్కడ దొరుకుతుందో, వాలంటీర్లు ఏ సమయానికి ఎక్కడికి రావాలో చెప్పే ఒక పేజీ తయారుచేశాము.

అంత జనం ఒకేచోట ఉన్నప్పుడు ఫోనులో ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుందని ముందే ఊహించి, ఆ పేజీలో ఫొటో, పొందుపరిచిన మ్యాపు, ప్రత్యేక ఫాంటు ఏవీ లేకుండా చేశాను. ఆండ్రాయిడ్ ఫోనులో ఉండే తెలుగు అక్షరాలతోనే అది కనిపిస్తుంది. మ్యాపుకు లింకు మాత్రం ఇచ్చి, గుర్తులు మాటలలో రాశాను: వెంకోజీపాలెం వైపు నుండి వచ్చేవారికి ఎడమ చేతి పక్కన, పసుపు రంగు టెంటు. సాయంత్రం వర్షపు జల్లులో తడుస్తూ వచ్చిన ఒక కాలేజీ అబ్బాయి, ఆ పేజీ చూసి నేరుగా ప్రథమ చికిత్స బల్ల దగ్గరకు వాళ్ల అమ్మమ్మను నడిపించుకొచ్చాడు. ఆమె అరికాలి బొబ్బలకు కట్టు కడుతూ నేను ఎంత సంతోషించానో రాయడానికి మాటలు చాలవు.

జూలై 27

ఫొటోల గురించి ఈ నెలంతా చర్చ నడిచింది. సాంకేతికమైన భాగం త్వరగానే తేలిపోయింది. ఫోనుతో తీసిన ఒక్కో ఫొటో 5 ఎంబీ దాకా ఉంటుంది, అలాంటివి 24 పెడితే పేజీ 120 ఎంబీ అవుతుంది. వెడల్పును 1200 పిక్సెళ్లకు తగ్గించి, తక్కువ చోటు పట్టే వెబ్‌పీ రూపంలోకి మారిస్తే ఒక్కొక్కటి 150 కేబీ లోపుకు వచ్చింది.

తేలనిది మరొకటి. గాజువాకలో మేము నోటుపుస్తకాలు పంచిన పాఠశాల ఫొటోలలో ప్రతి పిల్లవాడి ముఖం, కింద పేరు, తరగతి, "నిరుపేద విద్యార్థి" అనే మాట ఉన్నాయి. కాగితపు ఆల్బములో అది క్లబ్బు గది దాటి పోయేది కాదు. వెబ్‌లో అలా కాదు, ఈ రోజు పదేళ్లున్న పాప ఇరవై రెండేళ్లకు ఉద్యోగానికి దరఖాస్తు చేసుకున్నప్పుడు ఆమె పేరు వెతికినవారికి ఈ ఫొటో రావచ్చు. తరగతి గదిలో ముప్పై ఒక్క ఏళ్లు గడిపిన దానిని, ఏ పిల్లా నలుగురి ముందు తన లేమిని చెప్పించుకోవడానికి ఇష్టపడదని నాకు తెలుసు. పైగా 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది.

"ఫొటో లేకపోతే దాతలు నమ్ముతారా టీచరుగారూ?" అని అధ్యక్షుల వారు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, ఎందుకంటే ఇచ్చిన రూపాయి ఎక్కడికి వెళ్లిందో దాతకు తెలియాలి. చివరికి కొన్న పుస్తకాల సంఖ్య, దుకాణపు బిల్లు, ప్రధానోపాధ్యాయుల రసీదు, పుస్తకాలు పేర్చిన గది ఫొటో పెట్టాలని తీర్మానించాము. పిల్లల ముఖాలు, పేర్లు ఉండవు. ఫొటో ఫైలులో అది తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చని మా అమ్మాయి చూపించిన తరువాత, ఆ వివరాలను తొలగించకుండా ఏ ఫొటోనూ ఎక్కించరాదని కూడా చేర్చాము. పాడేరు కంటి శిబిరం పేజీలో జిల్లా పేరు ఇంకా విశాఖపట్నం అనే ఉండగా, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాగా దిద్దాను.

ఆగస్టు 10

రక్తదాతల జాబితాను సైటు నుండి తీసివేశాను. పాత సైటు నుండి దొరికిన పేజీని సదుద్దేశంతోనే అలాగే ఎక్కించాను. అందులో పేరు, రక్తవర్గం, ఫోను నంబరు ఉన్నాయి. ఒక డిగ్రీ విద్యార్థినికి అపరిచితుల నుండి రాత్రివేళ కాల్స్ వస్తున్నాయని వాళ్ల నాన్నగారు వచ్చి చెప్పారు. తప్పు నాదే, ఆయనకు చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇప్పుడు పేజీలో క్లబ్బు నంబరు ఒక్కటే ఉంది. దాతల వివరాలు, చివరిసారి రక్తమిచ్చిన తేదీలు రిజిస్టరులో ఉన్నాయి, పురుషులకు 90 రోజులు, స్త్రీలకు 120 రోజులు గడిచాయో లేదో చూసుకొని మేమే దాతను అడుగుతాము. 18 నుండి 65 ఏళ్ల మధ్య వయస్సు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలన్న నియమాలను పెద్ద అక్షరాలలో పెట్టి, ఏ రక్తనిధిలో ఏ నిల్వ ఉందో చూపే ప్రభుత్వ పోర్టల్ ఈ-రక్తకోశ్‌కు లింకు ఇచ్చాను.

ఆగస్టు 30

ఉదయం సైటు తెరిస్తే "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అనే హెచ్చరిక. కనెక్షన్ సురక్షితమని చూపడానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత ధ్రువపత్రం 90 రోజులే చెల్లుతుంది, హోస్టింగు దానిని తనంతట తాను పునరుద్ధరిస్తుంది. అయితే జూలైలో, చిరునామా ఏ సర్వరుకు చేరాలో చెప్పే డీఎన్ఎస్ నమోదులు శుభ్రం చేస్తూ, మూడు డబ్ల్యూలతో మొదలయ్యే చిరునామా నమోదును అనవసరమనుకొని నేనే చెరిపేశాను, పునరుద్ధరణ అక్కడ ఆగిపోయింది. నమోదు తిరిగి చేర్చాక గంటలో సరిపోయింది.

సెప్టెంబరు 14

ప్రతి ఆదివారం సైటు ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటూ వచ్చాను. "ఎప్పుడైనా వాటితో సైటును తిరిగి నిలబెట్టి చూశావా అత్తా?" అని మా అమ్మాయి అడిగింది. చూడలేదు. ల్యాప్‌టాప్‌నే సర్వరుగా మార్చే ఎక్స్‌ఏఎంపీపీ అనే సాధనంతో ఈ రోజు ఉదయం పది గంటలకు మొదలుపెట్టాము.

మొదటి ప్రయత్నంలో రంగులు, ఫొటోలు వచ్చాయి, ఒక్క వాక్యం రాలేదు. వర్డ్‌ప్రెస్‌లో మనం రాసే వచనం ఫైళ్లలో ఉండదు, డేటాబేసులో ఉంటుంది, దానిని నేను ఒక్కసారి కూడా దించుకోలేదు. పది వారాలుగా నేను భద్రంగా దాచినది రాత లేని రిజిస్టరు అట్టలను మాత్రమే. డేటాబేసును దించి రెండోసారి ప్రయత్నిస్తే, వాక్యాలున్న చోటల్లా ప్రశ్నార్థకాలు బారులు తీరాయి. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించేటప్పుడు అక్షర సంకేతం పాత లాటిన్ పద్ధతిలో ఉండడమే కారణం. మే నెలలో చూసిన గజిబిజికీ దీనికీ పెద్ద తేడా ఉందని తను వివరించింది. గజిబిజిగా కనిపించినప్పుడు అసలు బైట్లు లోపల క్షేమంగానే ఉంటాయి, సరైన సంకేతంతో చదివితే అక్షరాలు తిరిగి వస్తాయి. ప్రశ్నార్థకంగా నిల్వ అయినప్పుడు మాత్రం ఆ నకలులో అక్షరం శాశ్వతంగా పోయినట్లే. కాగితం మీద సిరా కారిపోవడం కూడా ఇలాంటిదే. ఎగుమతినీ దిగుమతినీ యూటీఎఫ్8ఎంబీ4 అనే పూర్తి యూటీఎఫ్-8 సంకేతంలో ఉంచి మూడోసారి చేసినప్పుడు, సాయంత్రం నాలుగున్నరకు, మొత్తం సైటు తెలుగు చెక్కుచెదరకుండా తెర మీద నిలిచింది.

ఇక మీదట మూడు నకళ్లు ఉంటాయి. ఒకటి హోస్టింగులో, ఒకటి క్లబ్బు గదిలోని హార్డ్‌డిస్కులో, మూడోది హైదరాబాదులో ఉండే మా సభ్యురాలి కుమార్తె ఇంట్లో. ఒకే తుఫాను మూడింటినీ తాకకూడదు. మూడు నెలలకొకసారి ఆ నకలు నుండి సైటును తిరిగి నిలబెట్టి చూడాలన్న తీర్మానం మినిట్సులో రాయించాను.

సెప్టెంబరు 28

గోపాలపట్నంలో సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం నడిపే మా కొత్త సంయుక్త కార్యదర్శికి ఎడిటరు హోదాతో ఖాతా ఇచ్చాను. ఆ హోదాలో వచనం రాయవచ్చు, దిద్దవచ్చు, ప్రచురించవచ్చు, సైటు అమరికలు, ప్లగిన్లు మాత్రం మార్చలేరు. ఆ అధికారం ఉన్న ఖాతాలు రెండు, ఒకటి నాది, మరొకటి కోశాధికారి గారి దగ్గర సీలు వేసిన కవరులో ఉంది. ఈ అయిదు నెలల్లో నేర్చుకున్నదంతా ఒక పొడుగు నోటుపుస్తకంలో వరుసగా రాసి అతనికి అందజేశాను: ఏ రోజు ఏమి చూడాలి, నవీకరణకు ముందు నకలు ఎలా తీయాలి, ఫొటోకు వచనం ఎలా రాయాలి, ఎవరి అనుమతి అడగాలి. అతను రెండు సాయంత్రాలు కూర్చొని, తనకు అర్థం కాని చోటల్లా పెన్సిలుతో ప్రశ్నలు రాసి తిరిగి ఇచ్చాడు. పదిహేడు ప్రశ్నలు. అన్నింటికీ జవాబులు రాసి మళ్లీ ఇచ్చాను.

అక్టోబరు 2

నిన్న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. దగ్గరి బంధువుల ఇంట్లో శుభకార్యానికి నేను శ్రీకాకుళంలో ఉండిపోయాను, శిబిరం ప్రకటనను మా సంయుక్త కార్యదర్శే ఎక్కించాడు. మొన్న రాత్రి భోజనాలయ్యాక ఫోనులో తెరిచి చూశాను. తేదీ, వేళ, సీతమ్మధారలోని స్థలం, బస్సు దిగాక ఎటు నడవాలో, దాతల అర్హతలు అన్నీ వచనంలోనే ఉన్నాయి. బొమ్మకు వివరణ ఉంది, చిరునామా చిన్నదిగా ఉంది. శీర్షికలో మాత్రం 'రక్తధానం' అని పడింది. ఫోను చేద్దామని నంబరు వెతుకుతూ, మరొకసారి పేజీ తెరిచేసరికి అది 'రక్తదానం' అయింది. సవరణల చరిత్ర తెరిచి చూశాను: రాత్రి 9 గంటల 42 నిమిషాలకు 'ధ'ను 'ద'గా దిద్దినది అతనే.